మునిరత్నం పడిన రోజులు

నర్సు ట్రైనింగులో చేరబోయే ఆడపిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. అందరూ అడిగేది ఒకటే: "రక్తం చూస్తే మీకు భయం వెయ్యలేదా అమ్మా?"

రక్తం సంగతి నన్నడక్కండి. దానికి కొద్ది రోజుల్లోనే అలవాటు పడతారు. చివరిదాకా అలవాటు కానిది వేరే ఉంది. మన చేతిలో ఒక బిడ్డ ఏడుస్తూ ఉంటుంది. ఆ బిడ్డ తల్లో తండ్రో మన చెయ్యి పట్టుకుని "చాలమ్మా, ఇంక వదిలెయ్యి" అని బతిమాలుతుంటారు. అప్పుడు వదలకుండా ఉండటం. నేను ఉద్యోగం మానిన రోజున కూడా అది నాకు కష్టంగానే ఉండింది.

నేను చిత్తూరులో ఒక ఆస్పత్రిలో చేరేనాటికి రెండో ప్రపంచయుద్ధం నడుస్తోంది. దూది దగ్గర నుంచి కిరసనాయిలు దాకా అన్నిటికీ కరువు. పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గుతో నడిచేవి. నాకు జీతం ఎప్పుడు పెరిగింది, ఎక్కడెక్కడికి బదిలీ అయ్యాను అన్నవి రాయను, వాటితో మీకు పనిలేదు. ఒక తండ్రీ కూతుళ్ళ సంగతి రాస్తాను. ఈ పనిలో నేను నేర్చుకున్నదాంట్లో సగం వాళ్ళు నేర్పిందే. దానికి ముందు ఇంకో బిడ్డ సంగతి చెప్పాలి.

బెల్లం పాకంలో పడిన చెయ్యి

నేను చేరిన ఏడాదే, గానుగ దగ్గర బెల్లం వండుతుండగా ఒక పసివాడి చెయ్యి కాగే పాకంలో పడింది. తల్లి పొలం నుంచి అలాగే ఎత్తుకుని పరిగెత్తుకొచ్చింది. ప్రాణానికి ప్రమాదం తప్పింది. పుండు మానడం మొదలయ్యాకే అసలు పని. కొత్త చర్మం వచ్చేటప్పుడు వేళ్ళను రోజూ వంచి చాచాలి. చాచకపోతే ఆ చర్మం బిగుసుకుపోయి వేళ్ళు ముడుచుకుపోతాయి. చాచినప్పుడల్లా బిడ్డకు ప్రాణం పోయినంత నొప్పి.

ఆ పని మా మేట్రన్ రాజమ్మగారు ఇంకొకరికి అప్పగించకుండా తానే చేసేవారు. రాజమ్మగారిది గూడూరు. పొట్టి మనిషి, గట్టి గొంతు. వార్డులో ఆమె చెప్పుల చప్పుడు వినపడితే రోగులు కూడా దుప్పట్లు సర్దుకునేవాళ్ళు.

తల్లి ఆ ఏడుపు చూడలేకపోయింది. "నా బిడ్డను సంపేస్తా ఉండారమ్మా! కట్టు కట్టి ఇడిసిపెట్టండి, అదే మానతాది," అనేది. రాజమ్మగారు నచ్చజెప్పారు, కోప్పడ్డారు, మళ్ళీ నచ్చజెప్పారు. ఒకరోజు పొద్దున చూస్తే మంచం ఖాళీగా ఉంది.

వాళ్ళు తిరిగి వచ్చేసరికి వేసవి. పుండు చక్కగా మానిపోయింది. "ఇప్పుడు నొప్పే లేదమ్మా," అంది తల్లి సంతోషంగా, బిడ్డ చెయ్యి ముందుకు చాపి. వేళ్ళు అరచేతికి అతుక్కుపోయి చెయ్యి పిడికిలిలా మూసుకుపోయింది. రాజమ్మగారు దాన్ని తన రెండు చేతుల్లోకి తీసుకుని ఒక్కో వేలినీ పైకి లేపి చూశారు, ఒక్కటీ కదల్లేదు. అది చూశాక తల్లికి విషయం అర్థమైంది. అలాంటి చేతికి ఆపరేషన్ చేసేవాళ్ళు మా దగ్గర లేరు. మద్రాసుకు పంపించాం. తర్వాత ఏమైందో తెలియదు.

వాళ్ళు వెళ్ళాక నేను వరండాలో నిలబడిపోయాను. రాజమ్మగారు వచ్చి, "ఏందమ్మే సుగుణా, అట్టా నిలబడ్డావు? ఆ యమ్మకు బిడ్డ మీద ప్రేమ లేదా? ఉంది. మనమే ఆ యమ్మకు ధైర్యం చెప్పలేకపోయినాం. బిడ్డకు కట్టు కట్టేది సగం పనే. ఆ బిడ్డను కన్నోళ్ళను నిలబెట్టాల్సింది కూడా మనమే," అన్నారు.

నాకప్పుడు అది ఒక మేట్రన్ కొత్త నర్సుతో అనే మాటలా అనిపించింది. దాని బరువు తెలిసింది చెంగల్రాయుడు వచ్చిన తర్వాత.

భుజాల మీద వచ్చిన పిల్ల

చెంగల్రాయుడు బంగారుపాళ్యం వైపు మనిషి. మామిడితోట గుత్తకు తీసుకుని, తోటలోనే గుడిసె వేసుకుని ఉండేవాడు. ఎత్తయిన మనిషి, గుమ్మంలోకి వచ్చేటప్పుడు తల వంచాల్సి వచ్చేది. ఆ రోజు నడుమే వంచాడు. ఎందుకంటే భుజాల మీద కూతురు ఉంది. తొమ్మిదేళ్ళ పిల్ల. పేరు మునిరత్నం.

దగ్గు తగ్గడం లేదని తీసుకొచ్చాడు. డాక్టరుగారు ఛాతీ పరీక్ష చేసి, తర్వాత పిల్ల ఎడమ కాలు పట్టుకుని చూశారు. సన్నగా, చేవలేకుండా వేలాడుతోంది.

"కాలు సంగతి నేనడగలేదు గదా సామీ, దగ్గు సూడండి," అన్నాడు చెంగల్రాయుడు.

రెండేళ్ళ వయసులో జ్వరం వచ్చి ఆ కాలు పడిపోయిందట. ఈనాడు పోలియో అంటున్నాం. ఈ పిల్లకు ముందు పుట్టిన బిడ్డలు ఇద్దరూ దక్కలేదు. ఈ పిల్ల పుట్టినప్పుడే భార్య పోయింది. మిగిలింది ఈ ఒక్కతే. ఆ పిల్లను నేల మీద దించకుండా పెంచాడు. నేను స్నానం చేయిస్తూ ఆమె అరికాళ్ళు చూశాను, నెలల బిడ్డ అరికాళ్ళలా మెత్తగా ఉన్నాయి. అన్నం తానే కలిపి తినిపించేవాడు. "నీ పేరేంటమ్మా?" అని అడిగితే ఆయనే చెప్పేవాడు. "ఆకలేస్తోందా?" అన్నా ఆయనే చెప్పేవాడు. ఆ పిల్ల కళ్ళు మాత్రం ఒకచోట నిలిచేవి కావు. వార్డులో ఎవరు వచ్చినా, ఏది కదిలినా తల తిప్పి చూసేది.

"కుడికాలు బాగుంది, చేతుల్లో బలముంది," అన్నారు డాక్టరుగారు. "ఎడమకాలికి పట్టీలు కట్టి, చంకకర్రలు ఇస్తే ఈ పిల్ల నడుస్తుంది."

"నడిసేదెందుకు సామీ? ఎత్తుకునేదానికి నేనుండాను గదా."

పక్కనే ఉన్న రాజమ్మగారు ఊరుకోలేదు. "పిల్ల పెద్దదవుతుంది గదయ్యా. అప్పుడూ భుజాన మోస్తావా?"

"మోస్తాను," అన్నాడు.

మొండితనంతో అన్న మాట కాదది. నిజంగా మోసేవాడే.

దగ్గు తగ్గేదాకా ఎలాగూ ఉండాలి కాబట్టి, అంతలో ప్రయత్నించి చూద్దామని ఆయన్ను ఒప్పించారు. మా వడ్రంగి చంకకర్రలు చేశాడు. రబ్బరు ముక్క కూడా దొరకని కాలం కాబట్టి కర్రల చివర పాత లారీ టైరు కోసి తొడిగించాం. కాలికి తోలుపట్టీల్లో వెదురుబద్దలు పెట్టి కుట్టించాం, మోకాలు మడతపడకుండా.

గడ్డం పగలడం

నేర్పడం మొదలుపెట్టిన రోజే ఒక సంగతి తెలిసింది. చెంగల్రాయుడి చేతులు ఎప్పుడూ పిల్ల చంకల కింద ఉండేవి. కర్రలు నేలను తాకేవి, అంతే. బరువంతా ఆయనదే. చూసేవాళ్ళకు పిల్ల అడుగులు వేస్తున్నట్టే ఉండేది. నిజానికి ఆ పిల్ల తన కాలి మీద తాను ఒక్క క్షణం కూడా నిలబడలేదు.

"నువ్వు బయట ఉండు," అన్నారు రాజమ్మగారు.

బయటికి పోయి కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఊచలు పట్టుకుని, "అక్కడ తడిగా ఉండాది సూడు పాపా", "మెల్లింగ, మెల్లింగ" అని ఒకటే హెచ్చరికలు. ఆ పిల్ల కర్ర ముందుకు వెయ్యబోయి, తండ్రి గొంతు వినగానే ఆగి కిటికీ వైపు చూసేది. చూడగానే ఒరిగిపోయేది.

రాజమ్మగారు నాకు ముందే గట్టిగా చెప్పారు. పడేటప్పుడు పట్టుకోవద్దు, తల మాత్రం దేనికీ తగలకుండా చూసుకో, చేతులు ముందుకు చాచి పడటం నేర్పు అని. ఎలా పడాలో చాప మీద నేర్పాను. మునిరత్నానికి అది ఆటలా నచ్చింది.

ఒకరోజు నేల మీద నేర్పుతున్నాను. కర్ర జారింది. పిల్ల చేతులు చాచింది గానీ ఒక క్షణం ఆలస్యమైంది. గడ్డం నేలకు తగిలి చీలింది. రక్తం గౌను మీద పడింది.

మునిరత్నం ఏడవలేదు. లేచి కూర్చుని, గడ్డం తడుముకుని, వేళ్ళకంటిన రక్తం వైపు ఆశ్చర్యంగా చూసింది. అంతవరకు తన రక్తం తాను చూసి ఉండదు. అంతలో చెంగల్రాయుడు లోపలికి దూసుకొచ్చాడు. కూతురిని ఎత్తుకుని గుండెకు అదుముకుని, "బిడ్డ పడతా ఉంటే సూస్తా నిలబడినావే! నువ్వు మనిసివేనా?" అని నా మీద అరిచాడు. అరుస్తూనే బావురుమన్నాడు. తండ్రి ఏడవడం చూసి, అప్పుడు ఏడ్చింది ఆ పిల్ల.

గడ్డానికి కుట్టు వేయించుకుని ఆ సాయంత్రమే వెళ్ళిపోయారు. పిల్ల ఆయన భుజం మీద నుంచి వెనక్కి తిరిగి వరండా మలుపు దాకా మమ్మల్ని చూస్తూనే ఉంది. చంకకర్రలు మూలన ఉండిపోయాయి. నేను స్టోరులో పెట్టబోతే, "ఉండనీ," అన్నారు రాజమ్మగారు.

ఆ తర్వాత చాలా రోజులు పిల్లలకు ఏది నేర్పాలన్నా నేను వెనకాడేదాన్ని. "నువ్వు మనిసివేనా" అన్న మాట చెవిలోనే ఉండేది. రాజమ్మగారు ఒక్కసారి కూడా నన్ను ఓదార్చలేదు. నాకు అప్పుడు కోపం వచ్చింది గానీ, అలా చేసినందుకే ఆమెకు ఈ రోజు దణ్ణం పెట్టుకుంటాను. ఓదార్చడానికి బదులు మర్నాడే, కాలికి కట్టు విప్పిన ఇంకో పిల్లను నడిపించమని నాకప్పగించారు.

తోటలో జరిగింది

తర్వాతి వేసవిలో ఒక ఎద్దులబండి ఆస్పత్రి ముందు ఆగింది. గడ్డి మీద చెంగల్రాయుడు పడుకుని ఉన్నాడు. తొడ ఎముక విరిగింది. పక్కన మునిరత్నం. మోచేతులు, కుడి మోకాలు దోక్కుపోయి ఉన్నాయి. ఒంటినిండా దుమ్ము.

ఏం జరిగిందో తర్వాత వాళ్ళిద్దరూ చెప్పారు. కాయలు కోయడానికి ఆయన చెట్టెక్కాడు. పిల్లను ఎప్పటిలాగే నీడలో గోనెపట్టా మీద కూర్చోబెట్టాడు. కొమ్మ విరిగింది. కూలివాళ్ళు ఆ రోజు రాలేదు. బండ్లబాట తోటకు ఆ చివర, గట్టు అవతల ఉంది. ఆయన ఎంత కేకేసినా పలికేవాళ్ళు లేరు. ఎండ ఎక్కుతోంది. కాలు వాచిపోతోంది.

మునిరత్నం గోనెపట్టా మీద నుంచి కిందికి జరిగింది.

"యాడికి పాపా? వొద్దు. ముండ్లుండాయి. పాములుంటాయి. ఎవురన్నా వస్తారులే, ఈడే ఉండు," అన్నాడాయన.

"ఎవురూ రారు నాయనా," అంది. మోచేతులు నేలకు ఆనించి, మంచి కాలితో తోసుకుంటూ పోయింది.

ఆయన ఆ మాట చెప్పేటప్పుడు నేను ఆయన పక్కనే కట్టు సరిచేస్తున్నాను. "కాలు నొప్పి ఒక నొప్పా నర్సమ్మా? గట్టు కాడికి పొయ్యేదాకా బిడ్డ అగపడతానే ఉండింది. గట్టు దాటినాక అగపళ్ళేదు. పాపా అని పిలిస్తే 'ఆఁ' అనేది. మళ్లా పిలిస్తే మళ్లా 'ఆఁ' అనేది. రాన్రానూ ఆ సద్దు కూడా లేదు. నేను అరస్తానే ఉండాను. నా బిడ్డను నేనే పోగొట్టుకున్నానే అనుకున్నాను."

చాలాసేపటికి బండి చప్పుడు వినపడింది. బాట మీద ఎరువు తోలుకుపోతున్న రైతు ఆ పిల్లను చూసి, బండి మీద కూర్చోబెట్టుకుని వచ్చాడు. మునిరత్నం మొఖమంతా మట్టి, మోచేతుల నుంచి రక్తం కారుతోంది. తండ్రిని చూడగానే అన్న మాట: "నాయనా, నేను పోయినాను సూడు!"

"ఏడుస్తా వస్తాదనుకున్నాను నర్సమ్మా. అది నవ్వతా వచ్చింది," అన్నాడు చెంగల్రాయుడు.

నేను ఆమె మోచేతులు కడుగుతుంటే, మందు మండుతున్నా ఆ పిల్ల ఉలకలేదు. వార్డు మూల వైపు చూస్తోంది. "అక్కా, నా కట్టెలు ఉండాయా?" అంది.

మంచం మీద నుంచి

అప్పట్లో తొడ ఎముక విరిగితే కాలిని బద్దకు కట్టి, తాడుకు బరువు వేలాడదీసి, ఎముక అతికేదాకా వెల్లకిలా పడుకోబెట్టేవాళ్ళం. పక్కకు ఒత్తిగిలడానికి కూడా వీలుండదు. పిల్లను చూసుకునేవాళ్ళు ఇంకెవరూ లేరు. రాజమ్మగారు డాక్టరుగారితో మాట్లాడి, తండ్రి మంచం పక్కనే ఆమెకు చాప వేయించారు.

మర్నాడు పొద్దున రాజమ్మగారు ఆయన దగ్గరికి వచ్చారు. నేను కర్రలు పట్టుకుని వెనకాల నిలబడి ఉన్నాను. ఇప్పుడు ఆయన లేవలేడు, అడ్డుపడలేడు, అడగాల్సిన పనేముంది అని నేననుకున్నాను. రాజమ్మగారు అలా అనుకోలేదు.

"నీ బిడ్డకు నడక నేర్పమంటావా, వద్దా? నువ్వు సరే అంటేనే మొదలుపెడతాం."

చెంగల్రాయుడు కూతురి వైపు చూశాడు. ఆ పిల్ల ఆయన నోటి వైపు చూస్తోంది. "నన్ను గోడ పక్కకు తిప్పండమ్మా. సూడకుండా ఉంటాను. అప్పుడు నేర్పండి," అన్నాడు.

"ఆ కాలితో నువ్వు తిరగలేవయ్యా."

కాలికి కట్టిన బరువు వైపు చూసుకుని, "అయితే సూస్తాను. నేర్పండి," అన్నాడు.

ఇంక రోజూ మంచాల వరసల మధ్య నడక. మునిరత్నం ముందుకు పడింది, వెనక్కి పడింది, పక్క మంచం మీద ముసలాయన కాళ్ళ మీద పడింది. పడినప్పుడల్లా చెంగల్రాయుడు మంచం ఇనపకమ్మీ పట్టుకునేవాడు. మంచం కిర్రుమనేది. కాలికి కట్టిన బరువు ఊగేది. నోరు మాత్రం తెరిచేవాడు కాదు. ఆ నిగ్రహం చూడటం నాకే కష్టమయ్యేది.

రాజమ్మగారు ఒక ఉపాయం చేశారు. ఆయనకు ఒక కత్తి, పాత టైరు ముక్కలు ఇచ్చి, కర్రల చివర్లు అరిగిపోతున్నాయి, కొత్తవి కోసి పెట్టమన్నారు. ఆ రోజు నుంచి ఆయన చేతులకు పని దొరికింది. పిల్ల పడుతుంటే ఆయన టైరు కోసేవాడు. అంత శ్రద్ధగా కోసిన టైరు ముక్కలు మా ఆస్పత్రిలో అంతకు ముందు లేవు, ఆ తర్వాతా లేవు. మీకు నేనిచ్చే సలహా కూడా ఇదే. బిడ్డకు నొప్పి కలిగే పని చేసేటప్పుడు పెద్దవాళ్ళను బయటికి గెంటకండి. కిటికీ దగ్గర నిలబెట్టకండి. వాళ్ళ చేతికి ఏదో ఒక పని ఇవ్వండి, ఆ బిడ్డకు నిజంగా ఉపయోగపడే పని.

ఇక ఆ రోజు. అప్పటికి మునిరత్నం వరస చివర దాకా పోయి రాగలుగుతోంది. తిరిగి వస్తూ, తండ్రి మంచానికి దగ్గరగా వచ్చాక కర్ర తడబడింది. సరిగ్గా ఆయన వైపే ఒరిగింది. చెయ్యి చాస్తే చాలు, అందుతుంది. ఆయన చెయ్యి చాచాడు కూడా. నేను చూశాను, ఆ చెయ్యి పిల్ల నడుముకు జానెడు దూరంలో ఆగింది. ఆగి, వెనక్కి వెళ్ళింది.

మునిరత్నం చేతుల మీద పడింది, నేర్పినట్టే. ఒక క్షణం అలాగే ఉంది. తర్వాత కర్ర దగ్గరికి లాక్కుని, మంచం కోడు పట్టుకుని, మెల్లగా లేచి నిలబడింది. ఆయాసపడుతూ తండ్రి ముఖంలోకి చూసింది.

"నాయనా, నువ్వు నన్ను పట్టుకోలేదే!"

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. పండగకు కొత్త పావడా తెస్తే పిల్లలు ఎలా అంటారో, అలా అంది.

"లేదు పాపా, పట్టుకోలేదు," అన్నాడు చెంగల్రాయుడు. తర్వాత మెడ మీది తువ్వాలు తీసి ముఖం మీద వేసుకున్నాడు. రాజమ్మగారు నా భుజం మీద చెయ్యి వేసి, ఇంకో పని ఉందన్నట్టు నన్ను బయటికి తీసుకెళ్ళారు.

ఆయన్ను గురించి నా అభిప్రాయం

బిడ్డను అతిగా కాపాడుకునే తల్లిదండ్రులను చూస్తే మన వృత్తిలోవాళ్ళకు విసుగు. మొండివాళ్ళు, చదువులేనివాళ్ళు అనేస్తారు. చదువుకున్నవాళ్ళలోనూ ఇలాంటివాళ్ళను చాలామందిని చూశాను. తాసిల్దారుగారి భార్య, తన కొడుక్కి మేం సూది మందు వేస్తుంటే స్పృహ తప్పి పడిపోయింది. దీనికీ చదువుకూ సంబంధం లేదు. ఇద్దరు బిడ్డలను పూడ్చిపెట్టిన మనిషి మూడో బిడ్డను నేల మీద దించలేదంటే, దాన్ని తప్పు అనడానికి నాకు నోరు రాదు. కానీ దించకపోతే ఆ పిల్ల ఏమయ్యేదో కూడా నాకు తెలుసు. ఈ రెండూ ఒకేసారి మనసులో పెట్టుకుని పని చెయ్యగలిగినవాళ్ళే ఈ వృత్తిలో నిలుస్తారు. అది నాకు రాజమ్మగారి దగ్గర వచ్చింది. తనకు ఎదురు చెప్పలేని స్థితిలో ఉన్న మనిషిని కూడా "నేర్పమంటావా" అని అడిగారే ఆమె, ఆ ఒక్క ప్రశ్న నా ఉద్యోగమంతా నాకు తోడుంది.

నాకు కొడుకు పుట్టి, వాడు సైకిలు నేర్చుకునే వయసు వచ్చినప్పుడు నేను వీధిలోకి వెళ్ళలేదు. మిద్దె పిట్టగోడ పట్టుకుని నిలబడ్డాను. వాడు పడిన ప్రతిసారీ నా గోళ్ళ కింద సున్నం. చెంగల్రాయుడు ఎంత చేశాడో ఆ రోజే పూర్తిగా తెలిసింది.

ఎముక అతికాక ఆయనకూ చంకకర్రలు ఇచ్చాం. అంత మనిషి, నిలబెడితే గడగడ వణికాడు. మునిరత్నం ఎదురుగా నిలబడి, "కింద సూడొద్దు నాయనా, నన్ను సూడు," అంది. ఆయన రెండడుగులు వేసి చతికిలబడ్డాడు. ఆ పిల్ల పకపకా నవ్వింది. ఆయనా నవ్వాడు. ఆయన నవ్వు నేను విన్నది అదే మొదటిసారి.

వెళ్ళే రోజు బస్సు దగ్గరికి నేనూ వెళ్ళాను. మునిరత్నం ఒక్కో మెట్టూ ఎక్కుతోంది. డ్రైవరు విసుక్కుంటున్నాడు. కింద నిలబడి ఉన్న చెంగల్రాయుడు, "ఉండప్పా, ఎక్కతా ఉండాది గదా," అన్నాడు. వెనక నుంచి తోసి ఎక్కించలేదు.

ఒంటరిగా వచ్చిన రోజు

యుద్ధం ముగిసి, స్వాతంత్ర్యం కూడా వచ్చాక, ఒకరోజు పొద్దున మునిరత్నం ఆస్పత్రికి వచ్చింది. పొడుగయింది, వోణీ వేసుకుంది. కర్రలు పొట్టివైపోయాయి, కొత్తవి కావాలంది.

"నాయన యాడ?" అన్నాను చుట్టూ చూసి.

"తోటలో ఉండాడక్కా. నేనొక్కదాన్నే వచ్చినాను, బస్సెక్కి," అంది గొప్పగా. మోచేతి మీద కొత్త గీరు ఉంది. ఏమిటని అడిగితే, "బస్సు దిగేటప్పుడు పడినాను. ఏమీ కాలేదులే," అని కొట్టిపారేసింది. బంగారుపాళ్యంలో కుట్టుమిషను నేర్చుకుంటున్నానని, మంచి కాలితోనే తొక్కుతున్నానని, రవికలు కుట్టేది వచ్చేసిందని ఒకటే కబుర్లు. తొమ్మిదేళ్ళకు తన పేరు తాను చెప్పని పిల్ల ఈమేనా అనుకున్నాను.

వడ్రంగి కొలతలు తీసుకుంటున్నాడు. నేను ఏదో పని మీద గేటు దాకా వచ్చాను. గేటుకు అవతల, టీ కొట్టు బల్ల మీద, తల వంచుకుని తువ్వాలు కప్పుకుని ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. ఎత్తు చూసి గుర్తుపట్టాను.

"చెంగల్రాయుడా! ఇక్కడున్నావేంటి?"

గబుక్కున లేచి, చెయ్యి అడ్డం పెట్టి, "గట్టిగా అనొద్దు నర్సమ్మా, ఇంటాది," అన్నాడు గుసగుసగా. "అది పోయిన బస్సు ఎనకనే ఇంగో బస్సు ఉండింది. ఎక్కేసినాను. తోటలో నిలబడల్యాకపోయినాను."

"లోపలికి రా మరి."

"వొద్దమ్మా. ఒక్కదాన్నే వచ్చినాననుకుంటా ఉండాది. అట్లే అనుకోనీ." కాసేపు కాళ్ళ వైపు చూసుకుని, "బస్సు దిగినాక ఏమైంది? నడిసిందా? పడిందా?" అన్నాడు.

"రెండూ," అన్నాను.

చెంగల్రాయుడు తల ఊపాడు. బల్ల మీద కూర్చుని టీ తెప్పించుకున్నాడు. మధ్యాహ్నం మునిరత్నం కొత్త కర్రలతో గేటు దాటి బస్సుల వైపు నడిచింది. ఆయన తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని, ఆ పిల్ల మలుపు తిరిగేదాకా కదలకుండా కూర్చున్నాడు. ఆ బస్సు వెళ్ళిపోయిన చప్పుడు విన్నాక లేచి, తర్వాతి బస్సు ఎప్పుడని టీ కొట్టు మనిషిని అడిగాడు.